కంప్యూటరులో తాత్కాలిక డైరెక్టరీలు: వానిని భద్రముగా కట్టుట, తీసివేయుట

రెండేండ్లకొకసారి మాఘమాసమున మేడారములో సమ్మక్క సారలమ్మల జాతర జరుగుట మన ప్రాంతమువారి కందఱకును తెలిసిన సంగతియే. మేడారము పూర్వము వరంగల్లు జిల్లాలో నుండెను. 2019వ సంవత్సరమునుండి ములుగు జిల్లాలోనున్నది. అడవి నడుమనున్న ఆ చిన్న గ్రామమునకు నాలుగు దినములలో లక్షలకొలది జనము వచ్చెదరు. వారికొఱకు గుడారములు, పందిళ్లు, మఱుగుదొడ్లు, వైద్యశిబిరములు, బస్సులు నిలుచు మైదానములు క్రొత్తగా ఏర్పడును. జాతర ముగిసిన పిమ్మట అవి యన్నియు తొలగిపోవలెను. లేనియెడల చెత్త యడవిలోనికిని వాగులోనికిని పోవును. కావున జాతర నడపువారు కట్టుట యెంత యెఱిగియుండవలెనో, తీసివేయుటయు నంతే యెఱిగియుండవలెను. వేదపుస్తకము చదువువారికి పర్ణశాలల పండుగ జ్ఞప్తికి రావచ్చును. ఇశ్రాయేలీయులు కొమ్మలతో కట్టిన పర్ణశాలలలో ఏడు దినములు నివసించి, పిమ్మట తమ తమ యిండ్లకు మరలుచుండిరి.

కంప్యూటరులోను ఇట్టి తాత్కాలిక నివాసములు కలవు. వానినిగుఱించి యీ సంవత్సరము మన పత్రికలో కొంత వ్రాయదలచితిమి. విషయము చిన్నదిగా కనబడును గాని, దానియందలి యజాగ్రత్తచే ఒక బాలికకు అన్యాయము జరుగుట మేము కన్నులార చూచితిమి.

తాత్కాలిక డైరెక్టరీ యననేమి?

ఫైలనగా కంప్యూటరులో వ్రాసిపెట్టిన కాగితమువంటిది. డైరెక్టరీ యనగా అట్టి కాగితములను దాచు అర. దీనినే ఫోల్డరనియు నందురు. మనము దాచుకొనదలచిన వానికి స్థిరమైన డైరెక్టరీలు కలవు. అయితే ప్రోగ్రాములు పనిచేయునపుడు, కొద్దిసేపు మాత్రమే కావలసిన ఫైళ్లను పెక్కింటిని పుట్టించును. జిప్పు చేసిన కట్టను విప్పునపుడును, పుటలను ముద్రణకు సిద్ధపఱచునపుడును, క్రొత్త సాఫ్టువేరును ఎక్కించునపుడును, వీడియోను కత్తిరించి కూర్చునపుడును మధ్యలో పుట్టునవన్నియు ఇట్టివే. వంటయింటిలో పిండి కలుపుటకు తీసిన పళ్లెము వడ్డనకు రాదు. వంట కాగానే దానిని కడిగి బోర్లించుదుము. తాత్కాలిక డైరెక్టరీ యట్టి పళ్లెము.

1969లో అమెరికా దేశమునందలి బెల్ ప్రయోగశాలలలో ఆరంభమైన యూనిక్సు అను ఆపరేటింగు సిస్టమునందును, దాని పోలికను పుట్టిన లైనక్సునందును, ఇట్టి పనులకై టెంప్ అను ఉమ్మడి డైరెక్టరీ యొకటి కలదు. ఆ యంత్రమును వాడు ప్రతివాడును, ప్రతి ప్రోగ్రామును అందులో ఫైళ్లు పెట్టవచ్చును. విండోసులో సాధారణముగా ఒక్కొక్క వాడుకరికి ఒక్కొక్క తాత్కాలిక ఫోల్డరు వేఱుగా నుండును. ఉమ్మడి స్థలము సౌకర్యమే. కాని ఉమ్మడి స్థలమున కలుగు చిక్కులన్నియు అచ్చట కలుగును.

మా తప్పు

కొన్ని యేండ్ల క్రిందట, మార్కుల పట్టికనుండి ప్రతి విద్యార్థికిని ప్రగతి పత్రమును తయారుచేయు చిన్న ప్రోగ్రామునొకటి మేము వ్రాసితిమి. అది మధ్యలో పుట్టిన ఫైళ్లను ఉమ్మడి తాత్కాలిక స్థలమున ‘మార్కులు’ అను పేరుగల డైరెక్టరీలో ఉంచి, పని ముగియగానే దానిని తొలగించుచుండెను. ఒక్కరే వాడినంతకాలము ఏ చిక్కును రాలేదు. అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట నొక సాయంకాలము ఇద్దఱు ఉపాధ్యాయులు, ఒకే సర్వరుమీద, ఒకే ఖాతాతో, తొమ్మిదవ తరగతి రెండు సెక్షనుల పత్రములను ఒకే వేళ తీయ నారంభించిరి. రెండు ప్రోగ్రాములును ఒకే అరలో వ్రాసినవి. అందలి ఫైళ్లకు విద్యార్థుల క్రమసంఖ్యలే పేర్లు. కాబట్టి ఒక సెక్షనులోని బాలిక మార్కులు, అదే క్రమసంఖ్యగల రెండవ సెక్షను బాలిక పేరుమీదికి పోయినవి. ముందుగా ముగిసిన ప్రోగ్రాము అరనే తొలగించుటచే, రెండవదానిలో కడపటి పత్రములు కొన్ని పుట్టనే లేదు. లోపించిన పత్రములను మేము వెంటనే కనుగొని మఱల తీసితిమి. తాఱుమాఱైన పత్రమును మాత్రము ఎవరును చూడలేదు.

మూడవనాడు ఒక తండ్రి ఆ కాగితము చేతబట్టుకొని వచ్చెను. “అయ్యగారూ, మా బిడ్డ లెక్కలలో తప్పినదని యిందులో నున్నది. నిన్న రాత్రి దానిని కొట్టితిని. అది యేడ్చుచు తాను తప్పలేదని చెప్పుచున్నది. ఎవరి మాట నమ్మవలెను?” అని యాయన యడిగెను. జవాబు పత్రము తీసి చూడగా ఆ బాలికకు 71 మార్కులు వచ్చియుండెను. ఆయనను, ఆ బాలికను మేము క్షమాపణ వేడితిమి. కంప్యూటరు తప్పు చేసినదని చెప్పుట మాకు సుళువే గాని, అది సత్యము కాదు. కంప్యూటరు మేము చెప్పినదే చేసెను, తప్పు మాది. నాటినుండి యీ విషయమును మేము శ్రద్ధగా నేర్చుకొంటిమి. నేర్చుకొన్నది క్రమముగా క్రింద తెలుపుచున్నాము.

మొదటి నియమము: ఊహింపరాని పేరు

తాత్కాలిక డైరెక్టరీకి ముందుగా నిర్ణయించిన పేరు పెట్టరాదు. ఒకే ప్రోగ్రాము రెండు ప్రతులు ఒకే వేళ నడువవచ్చును. అప్పుడు మాకు జరిగినదే జరుగును. కొందఱు ప్రోగ్రాము పేరునకు ప్రాసెసు సంఖ్యను చేర్చెదరు. ప్రాసెసనగా నడుచుచున్న ప్రోగ్రాము. దానికి ఆపరేటింగు సిస్టము ఒక సంఖ్య నిచ్చును. ఇందుచే రెండు ప్రతులు ఒకదానితో నొకటి ఢీకొనుట తప్పును గాని, దుర్బుద్ధిగలవాడు ఊహించుట తప్పదు. లైనక్సులో వాడుకగా ఆ సంఖ్యలకు పరిమితి 32,768 గా నుండెను. ఒకడు అన్ని పేర్లను ముందుగానే సిద్ధపఱచి కాచుకొనియుండుట కంప్యూటరునకు పెద్ద పని కాదు.

కావున పేరులో కొంత భాగము యాదృచ్ఛికముగా నుండవలెను. ఇంగ్లీషు పెద్ద బడి యక్షరములు 26, చిన్న బడి యక్షరములు 26, అంకెలు 10, వెరసి 62 గుర్తులు. వీనితో ఆఱు స్థానములు నింపినచో 56,80,02,35,584 పేర్లు, అనగా 5,680 కోట్లకు మించిన పేర్లు కలుగును. విద్యార్థులు 62ను ఆఱుసార్లు గుణించి యీ సంఖ్యను సరిచూచుకొనవచ్చును. ఇన్నింటిలో ఏది రానున్నదో ముందుగా చెప్పుట అసాధ్యప్రాయము.

రెండవ నియమము: చూచుటయు కట్టుటయు ఒకే క్రియగా నుండవలెను

హనుమకొండ బస్సు నిలయమున పండుగనాడు నిలుచున్నవారికి ఈ నియమము సులభముగా తెలియును. కిటికీలోనుండి చూచి, సీటు ఖాళీగా నున్నదని సంతోషించి, ద్వారముచుట్టు తిరిగి లోపలికి ఎక్కునప్పటికి మఱియొకరు అందులో కూర్చుండియుందురు. మనము చూచినది అబద్ధము కాదు. చూచుటకును కూర్చుండుటకును నడుమ కాలము గడచినది. కిటికీనుండియే తువ్వాలు వేసినవాడు మనకంటె తెలివిగలవాడు. అతడు చూచుటను, పట్టుకొనుటను ఒకే క్రియ చేసెను.

ప్రోగ్రాములలోను ఇట్లే జరుగును. “ఈ పేరుతో ఏదైన నున్నదా?” యని యొక పంక్తిలో అడిగి, “లేదు” అను జవాబు రాగా, తరువాతి పంక్తిలో దానిని పుట్టించుట అపాయకరము. రెండు పంక్తుల నడుమ గడచు క్షణములో వేఱొకడు ఆ పేరుతో లింకునొకదానిని పెట్టవచ్చును. లింకనగా మఱియొక చోటును చూపు పలకవంటిది. ఆ లింకు యంత్రపు అధికారికి చెందిన ముఖ్యమైన ఫైలును చూపుచున్నదనుకొందము. అధికారి హక్కులతో నడుచు ప్రోగ్రాము తాను తాత్కాలిక ఫైలులో వ్రాయుచున్నాననుకొని, ఆ ముఖ్యమైన ఫైలుమీదనే వ్రాసి దానిని పాడుచేయును. దొంగ తలుపు పగులగొట్టలేదు. యజమానునిచేతనే తలుపు తీయించెను.

ఇందుకు మందు కలదు. డైరెక్టరీని పుట్టించుమని ఆపరేటింగు సిస్టమునకు ఇచ్చు ఆజ్ఞ ఒకే క్రియ. ఆ పేరుతో ఫైలుగాని, డైరెక్టరీగాని, లింకుగాని ముందే యున్నచో అది ‘కలదు’ అని చెప్పి తప్పిపోవును, లేనిచో పుట్టించును. నడుమ ఎవరును చొరబడజాలరు. కావున ముందుగా అడుగవలదు. పుట్టింప ప్రయత్నించి, తప్పినచో వేఱొక పేరుతో మఱల ప్రయత్నింపవలెను.

ఈ రెండు నియమములను కలిపి చేయు సాధనములు చాలకాలముగా నున్నవి. సీ భాషలో ఎమ్‌కెటెంప్ అను పాత సాధనము పేరును మాత్రమే యిచ్చి, పుట్టించు పనిని మనకు విడిచిపెట్టును. అందుచే అది వాడదగనిది. ఎమ్‌కెడిటెంప్ అనునది యాదృచ్ఛికమైన పేరును ఎన్నుకొని, డైరెక్టరీని తానే పుట్టించి, పిమ్మట పేరు తెలుపును. ఇది 1997లో ఓపెన్‌బీఎస్‌డీ 2.2లో మొదట కనబడి, 2008లో పోసిక్సు ప్రమాణములో చేరినది. పైథాను భాషలోను పేరు మాత్రమే యిచ్చు పాత పద్ధతి 2003లో వెలువడిన 2.3వ కూర్పునుండి వాడవలదని హెచ్చరింపబడినది. కావున విద్యార్థులు తమ సొంత తెలివితో పేర్లు కల్పింపక, ఇట్టి సాధనములనే వాడవలెను.

మూడవ నియమము: తాళము

పేరు ఊహింపరానిదైనను, ఉమ్మడి స్థలములోనున్న అరల పేర్లు పుట్టిన పిమ్మట అందఱకును కనబడును. కావున ఆ యర తెఱచు హక్కు దాని యజమానునకు మాత్రమే యుండవలెను. యూనిక్సు పద్ధతిలో హక్కులను మూడంకెలతో చెప్పుదురు: మొదటిది యజమానునకు, రెండవది అతని గుంపునకు, మూడవది ఇతరులకు. 700 అనగా యజమానునకు సర్వహక్కులు, తక్కినవారికి ఏమియు లేవు. 755 అనగా ఇతరులు వ్రాయలేరు గాని చూడగలరు. ఏమియు చెప్పక డైరెక్టరీని పుట్టించినచో పెక్కు యంత్రములలో 755 ఏర్పడును. ఎమ్‌కెడిటెంప్ మాత్రము తానే 700 నుంచును.

ఈ భేదము చిన్నది కాదు. జావా భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు విరివిగా వాడు గూగులువారి గ్వావా గ్రంథాలయమందును, జేయూనిట్ 4 అను పరీక్షాసాధనమందును తాత్కాలిక డైరెక్టరీలు ఇతరులు చూడగల హక్కులతో పుట్టుచున్నవని 2020లో ప్రకటింపబడెను. జేయూనిట్‌వారు 4.13.1 కూర్పులో దానిని సరిదిద్దిరి. గ్వావావారు ఆ పద్ధతిని వాడవలదని గుర్తువేసి, జావా 7వ కూర్పునుండి భాషయందే యున్న క్రొత్త పద్ధతిని చూపిరి. లోకమంతయు వాడు సాధనములలో సయితము ఇట్టి లోపము ఏండ్లతరబడి దాగియుండెననిన, మనవంటివా రెంత జాగ్రత్తగా నుండవలెనో తెలియుచున్నది.

ఇంకొక ప్రశ్న మిగిలినది. ఉమ్మడి స్థలములో అందఱకును వ్రాయు హక్కున్నపుడు, ఒకని యరను మఱియొకడు తొలగింపలేడా? మన యేనుమాముల మార్కెటు యార్డును తలచుకొనుడు. మిరప కాయ వచ్చు కాలమున అచ్చట రైతులు తమ తమ బస్తాలను దించి రాసులు పెట్టుకొందురు. ఖాళీ చోట ఎవరైనను దింపవచ్చును. కాని ఒకరి బస్తాను మఱియొకరు ఎత్తుకొనిపోరాదు. యూనిక్సునందు ఇట్టి కట్టుబాటునకు స్టికీ బిట్టు అని పేరు. టెంప్ డైరెక్టరీకి ఆ గుర్తున్నచో, అందులో ఎవరైనను పుట్టింపవచ్చును. తొలగించుట, పేరు మార్చుట మాత్రము ఆ వస్తువు యజమానునకును, డైరెక్టరీ యజమానునకును, యంత్రాధికారికిని తప్ప ఇతరులకు సాధ్యముగాదు. మాకు జరిగిన మోసమును స్టికీ బిట్టు ఆపలేకపోయినది. ఏలయనగా ఇద్దఱు ఉపాధ్యాయులును ఒకే ఖాతాను వాడుటచే, యంత్రము దృష్టిలో వారిద్దఱును ఒక్కరే. ఒకరి ఖాతాను మఱియొకరు వాడవలదని మేము తరగతిలో పలుమాఱు చెప్పుటకు ఇదియు నొక కారణము.

ఒకసారి తాళముగల సొంత యర దొరికిన పిమ్మట, దానిలోపల మనము సాధారణమైన పేర్లు పెట్టుకొనవచ్చును. ఇతరులు అందులో ప్రవేశింపలేరు. పెక్కు తాత్కాలిక ఫైళ్లు కావలసినపుడు ఒక్కొక్కదానికి జాగ్రత్త పడుటకంటె, ఒక్క డైరెక్టరీని భద్రముగా కట్టుకొనుట మేలనుటకు ఇదియే హేతువు.

నాలుగవ నియమము: ఏ దారిని పోయినను తీసివేసి పోవలెను

పని సవ్యముగా ముగిసినపుడు శుద్ధి చేయుట అందఱకును తోచును. నడుమ తప్పు దొర్లి ప్రోగ్రాము ఆగిపోయినపుడు, కడపటి పంక్తిలో వ్రాసిన శుద్ధి జరుగనే జరుగదు. కావున శుద్ధిని కడపట వ్రాయక, కట్టినవెంటనే ఏర్పాటు చేయవలెను. పైథాను 3.2వ కూర్పున, అనగా 2011లో, ఇందుకై తాత్కాలిక డైరెక్టరీ సాధనమొకటి చేరినది. ‘విత్’ అను మాటతో దానిని తెఱచినచో, ఆ భాగమునుండి మేలుగా వెలువడినను, తప్పుచే వెలువడినను డైరెక్టరీ తొలగింపబడును. షెల్ స్క్రిప్టులు వ్రాయువారు ట్రాప్ అను ఆజ్ఞచే, స్క్రిప్టు ముగియునపుడు తప్పక జరుగవలసిన పనిని ముందుగానే చెప్పిపెట్టవచ్చును.

అయినను ఏ ప్రోగ్రామును తన మరణమునకు పిమ్మట శుద్ధి చేయజాలదు. యంత్రాధికారి ప్రోగ్రామును బలవంతముగా చంపినచో, ఆ సంకేతమును ప్రోగ్రాము అడ్డుకొనలేదు. వేసవిలో గాలివాన వచ్చి విద్యుత్తు పోయినచో అంతకంటెను లేదు. అట్టి యవశేషములకై ఆపరేటింగు సిస్టమే పాకీపని చేయును. సిస్టమ్‌డీ గల లైనక్సు యంత్రములలో వాడుకగా టెంప్ స్థలమున 10 దినములు, వార్ టెంప్ అను రెండవ స్థలమున 30 దినములు ఎవరును ముట్టనివి తొలగింపబడును. కొన్ని లైనక్సు పంపిణీలు టెంప్‌ను డిస్కుపై గాక జ్ఞాపకమునందే ఉంచును. ఫెడోరా 2013లో వెలువడిన 18వ కూర్పునుండియు, డెబియను 2025లో వెలువడిన 13వ కూర్పునుండియు ఇట్లు చేయుచున్నవి. అట్టి యంత్రమును ఆర్పి వెలిగించినచో టెంప్ ఖాళీ యగును. కావున విద్యార్థులారా, మీ ప్రాజెక్టును ఎన్నడును టెంప్‌లో దాచుకొనవలదు. అది ధర్మశాల, సొంతయిల్లు కాదు.

ఐదవ నియమము: తాను కట్టినదానినే తీసివేయవలెను

కట్టుటలోని తప్పుకంటె తీసివేయుటలోని తప్పు ఘోరము. 2015 జనవరిలో, వాల్వ్ సంస్థవారి స్టీమ్ అను ఆటల సాఫ్టువేరు లైనక్సు కూర్పులో నొక లోపము బయటపడెను. అందలి స్క్రిప్టులో, ఒక చలరాశిలో నున్న డైరెక్టరీ పేరును తీసికొని, దానిలోని దంతయు తొలగింపుమను పంక్తి యుండెను. స్టీమ్ ఫోల్డరును వేఱొక చోటికి మార్చినవారి యంత్రమున ఆ చలరాశి శూన్యమాయెను. పేరు శూన్యమైనచో మిగిలినది మొదటి గీత మాత్రమే. అనగా యంత్రమునందలి సమస్త ఫైళ్లకును మూలమైన చోటు. వాడుకరి తన హక్కుతో తుడువగలిగినవన్నియు తుడిచిపెట్టుకొనిపోయినవి. ‘ఈ గదిని ఊడ్వుము’ అని చెప్పదలచి, గది పేరు మఱచి ‘ఊడ్వుము’ అని మాత్రమే చెప్పినట్లాయెను.

ఇందునుండి నేర్వవలసినవి మూడు. తొలగించుటకు ముందు పేరు శూన్యము కాదని చూడవలెను. శూన్యమైనచో అచ్చటనే యాగవలెను. కట్టునపుడు సాధనము చెప్పిన పేరునే దాచుకొని, దానినే తొలగింపవలెను. పేరును మఱల కల్పించుకొనరాదు. అరలోపల లింకున్నచో లింకును మాత్రమే తీసివేసి, అది చూపు చోటికి పోకుండ చూచుకొనవలెను. పైథానులో డైరెక్టరీని సమూలముగా తొలగించు సాధనమునకు, ఆపరేటింగు సిస్టము వీలిచ్చు చోట్ల, ఇట్టి లింకు మోసమునుండి రక్షణ 2012లో వెలువడిన 3.3వ కూర్పున చేరినది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇవన్నియు ప్రోగ్రాములు వ్రాయువారి సంగతులని తల్లిదండ్రులు తలంపవలదు. విద్యార్థివేతనముకొఱకు దరఖాస్తు పెట్టుటకు మీరు బిడ్డ యాధారు కార్డును, ఆదాయ ధ్రువపత్రమును, బ్యాంకు పుస్తకమును ఒక నెట్ కేంద్రమునకు తీసికొనిపోవుదురు. అచ్చట వానిని స్కాను చేయుదురు. దరఖాస్తు పోయిన పిమ్మట ఆ ప్రతులు ఎక్కడ నున్నవి? చాలచోట్ల ఆ యంత్రము డౌన్‌లోడ్సు ఫోల్డరులోనే యుండును. మీ తరువాత వచ్చినవాడు వానిని చూడవచ్చును. మన విద్యార్థిని తల్లి యొకరు అట్టి కేంద్రమున తన కాగితము వెదకుచుండగా, ముక్కు మొగము తెలియనివారి కార్డులు వరుసగా కనబడెనని మాతో చెప్పిరి. ఆ కేంద్రమువారికి దురుద్దేశము లేదు. తీసివేయు అలవాటు లేదు, అంతే.

కావున పని ముగియగానే, “అయ్యా, మా కాగితముల ప్రతులు తీసివేయుడు” అని మర్యాదగా అడుగుడు. రీసైకిల్ బిన్ను కూడ ఖాళీ చేయుమనుడు. ఏలయనగా అందులోనికి పోయినది ఇంకను పోయినట్లు కాదు. బిన్ను ఖాళీ చేసినను, ఆ చోట వేఱొకటి వ్రాయబడువఱకు పాత యక్షరములు డిస్కులో మిగిలియుండవచ్చునని నిపుణులు ఎఱుగుదురు. కావున తీసివేయుటకంటె మొదటనే తక్కువ ప్రతులు చేయుట మేలు. వాట్సాప్‌లో పంపినది ఆ యంత్రములో తెఱచినచో, దానినుండి లాగౌట్ అగుట మఱవవలదు.

ముగింపు

మన నగరమున 1959లో స్థాపింపబడిన రీజనల్ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మాఱినది. మన బాలబాలికలలో కొందఱు అట్టిచోట్ల చదివి, లోకమంతయు వాడు సాఫ్టువేరును వ్రాయుదురని మా యాశ. ఆనాడు వారు వ్రాయు ప్రోగ్రాములలో తప్పు దొర్లినచో, దాని ఫలము వారు చూడని యింటిలో, వారెఱుగని బిడ్డమీద పడును. మా ప్రోగ్రామును మేము నాడే సరిదిద్దితిమి. ఇప్పుడు అది ప్రతి పర్యాయము క్రొత్త పేరుతో, తాళముతో, తన సొంత యరను కట్టుకొని, ఎట్లు ముగిసినను దానిని తీసివేసి పోవుచున్నది. పత్రము ముద్రించుటకు ముందు క్రమసంఖ్యతోబాటు సెక్షనును పేరును సరిచూచుచున్నది. అంతటితో తృప్తిపడక, ప్రతి తరగతిలో కొన్ని పత్రములను మేము చేతితో సరిచూచుచున్నాము.

అయిదు రొట్టెలతో అయిదువేలమందికి ఆహారము పెట్టిన దినమున, జనులు తృప్తిపొందిన పిమ్మట పని ముగియలేదు. మిగిలిన ముక్కలను ఏఱి పండ్రెండు గంపలు నింపిరి. ఆ పచ్చికమీద అన్నము తిన్నవారు ఇండ్లకు పోయిరి గాని, శిష్యులు ఆ చోటును శుద్ధి చేయక కదలలేదు. కంప్యూటరు గదిలోనైనను, భోజనశాలలోనైనను, మన పని ముగిసినదనుటకు అదియే గుఱుతు. ఈ వ్యాసము చదివిన విద్యార్థులు నేడు కంప్యూటరు గది విడుచుటకు ముందు తాము పుట్టించిన ఫోల్డరులను ఒకసారి చూచి, తమవి మాత్రమే తీసివేసి, తమ ఖాతానుండి వెలువడి పోదురని కోరుచున్నాము.